రాజవ్వ కొంగు ఏ భుజాన?

ఒక పెద్దావిడ కొంగును నేను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చేశాను. ఆవిడకి తెలియకుండా, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు, ఏడడుగుల ఎత్తున, వైట్ సిమెంటుతో. అది చూసి బుద్ధి తెచ్చుకున్నాను. ఆ తెచ్చుకున్న బుద్ధితో అంతకన్నా పెద్ద తప్పు చేశాను. రెండూ చెప్తాను. ఆ రోజు నవ్వడానికి నాకు వీలు పడలేదు, మీరు నా బదులు కూడా నవ్వండి.

తొంభైల చివర మాట. మాదాపూర్ అవతల బండరాళ్ళు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. నాకు ఇరవై ఆరేళ్ళు. తణుకు నుంచి వచ్చి బొమ్మల కాలేజీలో చదివి, కూకట్‌పల్లిలో అన్నయ్య వాళ్ళింట్లో ఉంటూ, బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని మొజాయిక్ బొమ్మల వ్యాపారం పెట్టాను. టైల్సు ముక్కలు, రంగు గాజు ముక్కలు పేర్చి గోడ మీద బొమ్మ కట్టడం నా పని. షెడ్డుకి ఒక పక్క లేతు మిషన్లు, ఇంకో పక్క వెల్డింగు. వాళ్ళు రోజంతా ఇనుము కొట్టేవాళ్ళు, నేను రోజంతా టైల్సు కొట్టేదాన్ని. చప్పుడులో మాత్రం నేనేం తీసిపోలేదు.

వ్యాపారం అనేది కాస్త పెద్ద మాటేలెండి. ఊళ్ళో మొజాయిక్ అంటే ఇంట్లో వేసే గచ్చు. బోర్డు చూసి లోపలికొచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది, "మా హాల్‌కి పాలిష్ ఎప్పుడు పడతరు?" అని అడిగేవాళ్ళు. పదో మనిషి లేతు మిషన్ల షెడ్డు ఎక్కడని అడిగేవాడు.

నా సిబ్బంది మొత్తం కలిపి ఒక్కరే, యాదగిరి మేస్త్రి. పాలమూరు వైపు మనిషి, యాభై దాటాయి. నగరంలో ఎన్ని బాత్రూములకు టైల్సు వేశాడో ఆయనకే లెక్క తెలియదు. నా బొమ్మల మీద ఆయనకి పెద్ద గౌరవమేమీ లేదు. మంచి టైల్సును కావాలని పగలగొట్టే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు.

అలాంటి షెడ్డు ముందు ఒక రోజు కారు ఆగింది. దిగినాయన పేరు భూపాల్. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని అందరూ భయపడుతున్న కాలం అది. ఆ మతి పోకుండా చూసే కంపెనీ ఈయనది. హైటెక్ సిటీ దగ్గర కొత్త మేడలో రెండు అంతస్తులు తీసుకున్నారు. జేబులోంచి ఒక ఫోటో తీసి జాగ్రత్తగా నా చేతిలో పెట్టారు.

"మా అవ్వ, రాజవ్వ. కరీంనగర్ దిక్కు పల్లె. బీడీలు చుట్టి నన్ను ఇంజనీర్‌ను చేసింది. ఆఫీసుల అడుగు వెట్టంగనే మా అవ్వ కనవడాలె."

ఫోటోలో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. కొంగు ఎడమ భుజం మీద. ఒళ్ళో బీడీల చాట. కుడి చేతిలో ఆకు కోసే కత్తెర. ముక్కుకి ఒక పక్క పుల్ల.

"ఎన్ని రోజులండీ?"

"పన్నెండు. ముహూర్తం పెట్టేసిన్రు. అవ్వనే వచ్చి రిబ్బన్ కత్తిరిస్తది."

పన్నెండు రోజుల్లో గోడ మీద ఒక్కొక్క ముక్క అతికిస్తూ పోతే రాజవ్వ మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. అందుకని నేను పుస్తకంలో చదవడమే తప్ప ఎన్నడూ చేయని పద్ధతి ఒకటి ఎంచుకున్నాను. పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, ముక్కల మొహం కాగితానికి ఆనేలా మైదా గంజితో అంటించాలి. ఎండాక కాగితంతో సహా ఎత్తి గోడ మీది సిమెంటులో నొక్కాలి. తర్వాత కాగితం తడిపి ఊడదీస్తే బొమ్మ బయటపడుతుంది. ఇందులో ఒకే ఒక్క మర్మం ఉంది. కాగితం మీద గీసిన బొమ్మ గోడకెక్కేసరికి, అద్దంలో చూసినట్టు, కుడి ఎడమైపోతుంది. కాబట్టి గీసేటప్పుడే తిప్పి గీసుకోవాలి.

"మేస్త్రీ, రేపు పొద్దున్నే నాకు గుర్తు చెయ్యండి, బొమ్మ తిప్పాలని. మర్చిపోయానంటే కొంప మునుగుతుంది."

"ఫికర్ చెయ్యకున్రి మేడం. యాది చేస్త."

సాయంత్రం ఇంటికెళ్ళాక, రేపటిదాకా ఎందుకులే అని నేనే కూర్చుని ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ తిప్పేశాను. మర్నాడు షెడ్డులో కాలు పెట్టానో లేదో యాదగిరి ఎదురొచ్చాడు.

"మేడం, బొమ్మ తిప్పాలె."

"తిప్పినట్టే గుర్తు మేస్త్రీ."

"గుర్తుంటే నాకెందుకు చెప్తిరి, యాది చెయ్యమని?"

ట్రేసింగ్ కాగితం మీద గీత రెండు వైపులా కనబడుతుంది, ఏది అసలు వైపో తెలియదు. అంత అనుభవమున్న మనిషి అంత గట్టిగా అడిగేసరికి, నేను తిప్పింది కలలోనేమో అనిపించింది. ఆయన జ్ఞాపకశక్తిని మెచ్చుకుని ఇంకోసారి తిప్పాను.

మీలో లెక్కలు వచ్చినవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను బొమ్మల కాలేజీ దాన్ని. రెండుసార్లు జాగ్రత్త పడితే రెండింతలు మంచిదనే అనుకున్నాను.

తొమ్మిది రోజులు తలెత్తకుండా ముక్కలు అంటించాం. చివరి రోజు యాదగిరి ఫోటో చేతిలో పట్టుకుని కాగితం మీది గీతల్నీ ఫోటోనీ మార్చి మార్చి చూశాడు.

"అచ్చం ఫోటోల ఉన్నట్టే ఉన్నది మేడం. జర గూడ ఫరక్ లేదు."

కాగితం మీద బొమ్మ ఫోటోలో ఉన్నట్టు ఉండకూడదు. ఆ మాట వినగానే నేను గుండె పట్టుకుని కూలబడాల్సింది. పొంగిపోయి రెండు టీలు చెప్పాను.

ముహూర్తానికి ముందు రోజు మధ్యాహ్నం ఆఫీసు లాబీలో కాగితం తడిపి ఊడదీశాం. వ్యవహారాలు చూసే మేనేజరు మూర్తిగారు, కాకినాడ ఆయన, చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు. ముందు రాజవ్వ నుదురు వచ్చింది. తర్వాత కళ్ళు. నిజంగా చాలా బాగా కుదిరాయి. నాలో నేనే గర్వంగా తలూపుకున్నాను. తర్వాత భుజాలు వచ్చాయి.

"చాలా బావుందండి," అన్నారు మూర్తిగారు. "కాకపోతే పెద్దావిడ కొంగు కుడి భుజం మీదికి వెళ్ళిందేంటండి?"

"ముక్కుపుల్ల గూడ అవతలికి పోయింది," అన్నాడు యాదగిరి కింది కాగితం లాగుతూ. "ఆఁ, ఇగో, కత్తెర ఎడమ చేతిలకొచ్చింది."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. "మేస్త్రీ, మనం బొమ్మని ఎన్నిసార్లు తిప్పాం?"

"నేను ఒక్కసారే చెప్పిన. మీరు ఎన్నిసార్లు తిప్పిన్రో నాకేమెరుక?"

"పీకేసి మళ్ళీ వెయ్యలేరాండీ?" అని మూర్తిగారు అడిగారు.

"పన్నెండు రోజులు పడుతుందండి."

"ముహూర్తం రేపు పొద్దున తొమ్మిదికండి."

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. అది ఎంత గొప్పదో మీరే చూడండి.

"ఎదురుగోడకి నిలువెత్తు అద్దం పెట్టిద్దామండి. అందులో చూస్తే ఆవిడ సరిగ్గానే కనబడతారు."

మూర్తిగారు మర్యాదస్తులు. కాసేపు నిజంగానే ఆలోచించారు. "అంటే వచ్చినవాళ్ళందరూ బొమ్మకి వీపు పెట్టి నిలబడాలాండి?"

"అవునండి."

"పెద్దావిడ కూడానా?"

"ఆవిడ కూడానండి."

"మరి అద్దంలో మాకు మేమే అడ్డం వస్తాం కదండీ."



మర్నాడు తొమ్మిదింటికి లాబీ నిండా జనం. రాజవ్వ అంచు చీర కట్టుకుని వచ్చింది, రిబ్బన్ కత్తిరించింది, పరదా లాగింది. చప్పట్లు మొదలై, మధ్యలో సన్నగిల్లి, ఆగిపోయాయి. భూపాల్ గారు బొమ్మని చూశారు, తల్లిని చూశారు, మళ్ళీ బొమ్మని చూశారు. నేను పూలకుండీ వెనక నిలబడ్డాను. నా వెనక యాదగిరి పనిముట్ల సంచి భుజానేసుకుని, తలుపు ఎటు తెరుచుకుంటుందో గమనిస్తున్నాడు.

రాజవ్వ బొమ్మ దగ్గరికంటా వెళ్ళింది. చాలాసేపు చూసింది. వేలితో తన ముక్కుపుల్ల తడుముకుంది, ఆ వేలితోనే బొమ్మలో ముక్కుపుల్ల తడిమింది.

"గిది ఎవలు చేసిన్రు?"

కుండీ వెనకనుంచి బయటికొచ్చాను. "నేనేనండి. నావల్ల పెద్ద తప్పు..."

"గిదే నేను," అంది రాజవ్వ.

భూపాల్ గారు మెల్లగా అన్నారు. "అవ్వా, ఉల్టా ఉన్నది గదనే."

"నువ్వు నోరు ముయ్యిరా. పొద్దుగాల బొట్టు వెట్టుకునేటప్పుడు అద్దంల నాకు కనవడేది గీమెనే. నువ్వు తీసిన ఫోటోలల్లనే ఎవలో ఉంటది, నా చీర కట్టుకోని."

లాబీ మొత్తం చప్పట్లతో మారుమోగింది. మూర్తిగారు కళ్ళు తుడుచుకుంటూ, "మొదట్నుంచీ నేనూ అదే అంటున్నానండి," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. రాజవ్వ నా చెయ్యి పట్టుకుని టైల్సు గీసుకున్న గాట్లు చూసి, "నా వేళ్ళ లెక్కనే ఉన్నయి బిడ్డా," అంది.

ఆ రోజుతో నేను షెడ్డుకి తాళం వేసి తణుకు వెళ్ళిపోయి ఉంటే, ఈ పాటికి నాకు మంచి పేరు ఉండేది. కానీ వారం తిరక్కుండా భూపాల్ గారు ఇంకో ఫోటో తెచ్చారు.

"మా నాయిన. పోయి పదేండ్లయింది. అవ్వ పక్కకే ఉండాలె. అవ్వ వచ్చే పున్నానికి మళ్ళ వస్తది."

బక్కపల్చటి మనిషి, గుబురు మీసం. కుడి కనుబొమ్మని రెండుగా చీల్చిన గాటు. చిన్నప్పుడు కోడె పొడిచిందట.

ఈసారి యాదగిరి నాకంటే ముందే అన్నాడు. "మేడం, బొమ్మ తిప్పాలె. ఒక్కసారే. నేను లెక్క వెడత."

"అసలు తిప్పకూడదు మేస్త్రీ," అన్నాను. ఆ రోజుల్లో నా గొంతులో బాగా అనుభవం పలుకుతుండేది. "ఈ ఇంటివాళ్ళకి ఉల్టాయే నచ్చుతుంది. వ్యాపారం అన్నాక మనుషుల మనసు తెలుసుకోవాలి."

ఆయన నావంక జాలిగా చూసి గంజి కలపడానికి వెళ్ళిపోయాడు.

పున్నమికి రాజవ్వ వచ్చింది. ఈసారి నేను కుండీ వెనక లేను. బొమ్మ పక్కనే, మెచ్చుకోలు అందుకోవడానికి అనువుగా, కాస్త తల వంచి నిలబడ్డాను. రాజవ్వ ఆ గాటు వంక ఒక్క చూపు చూసింది. గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని మొహం పక్కకి తిప్పుకుంది.

"గీయన ఎవలు బిడ్డా?"

"మీ ఆయనేనండి," అన్నాను.

"మా ఆయన్ని నేను అద్దంల చూసిన్నా? ముప్పై ఏండ్లు ఎదురుంగ కూసోని బువ్వ వెట్టిన. ఆయన గాటు ఏ కంటి మీదుంటదో నాకెరుక లేదా? ఎవలో పరాయి మొగోన్ని తెచ్చి నా పక్కన నిలవెట్టినవ్. ఆఫీసుకు వచ్చేటోల్లు ఏమనుకుంటరు? తియ్యిన్రి ముందుగాల!"

యాదగిరి అప్పటికే సంచిలోంచి ఉలి, సుత్తె తీశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ పరాయి మగాడు మీసంతో సహా గోడ దిగాడు. ఆఖరి ముక్క రాలేదాకా రాజవ్వ తలమీది కొంగు తియ్యలేదు, ఇటు తిరగలేదు.

ఆ ముక్కల కుప్ప ముందు నిలబడి, యాదగిరి మేస్త్రి సాక్షిగా, మూర్తిగారు తెప్పించిన మంచినీళ్ళు తాగి, నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్ళీ మనిషి బొమ్మ జోలికి పోను. తామరపువ్వులే కడతాను. తామరపువ్వుని ఒకసారి తిప్పినా, రెండుసార్లు తిప్పినా, అసలు తిప్పకపోయినా తామరపువ్వే. దానికి కొంగు లేదు. గుర్తుపట్టడానికి పెళ్ళాం అసలే లేదు.