ఏరోడ్రోమ్ తెర వెనక హెడ్డమ్మ

పోయిన నెల మీ దగ్గరికి బెంగళూరు వస్తున్నప్పుడు విశాఖ విమానాశ్రయంలో ఒక పిల్ల నన్ను తనిఖీ చేసింది. చల్లటి చెయ్యి. మాటా పలుకూ లేకుండా భుజం మీద పడి, వీపు మీదుగా దిగి, నడుం దగ్గర కాస్త ఆగి వెళ్లిపోయింది. పాపం, వెనక అంత వరస ఉంటే ఏం మాట్లాడుతుంది! కానీ ఆ చల్లదనానికి నాకు అప్పలనరసమ్మ గారి చెయ్యి గుర్తొచ్చింది. ఎవరినైనా తాకే ముందు ఆవిడ రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబెట్టుకునేవారు. ఆవిణ్ని మీరు చూడలేదు. మీ అమ్మ పుట్టకముందే పోయారు. అందుకే మీకోసం రాస్తున్నాను, పిల్లలూ.

ఆవిడదీ మా చోడవరమే, మా వీధి చివరి ఇల్లు. పోలీసు హెడ్ కానిస్టేబులు కాబట్టి అందరూ హెడ్డమ్మ అనేవారు. డెబ్బైల్లో విమానాలను బెదిరించి దారి మళ్లించే వాళ్లు బయలుదేరారు. దాంతో ఎక్కే ప్రతి మనిషినీ వెతికి పంపాలని రూలు వచ్చింది. ఆడవాళ్లను ఆడవాళ్లే వెతకాలి. ఆ పనికి విశాఖ ఏరోడ్రోమ్‌లో హెడ్డమ్మ గారిని వేశారు. విమానాశ్రయాన్ని అప్పట్లో మేం అలాగే అనేవాళ్లం. కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరిన నన్ను ఆవిడకి తోడుగా పంపారు. విమానం దగ్గరగా చూడటం కూడా నాకు అదే మొదలు.

పని నేర్పింది మాత్రం ఏరోడ్రోమ్‌లో కాదు, వాళ్ల పెరట్లో. గోవాడ ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్న రోజులు. గాలి నిండా బెల్లప్పాకం వాసన. ఆవిడ చీరలో ఎక్కడో ఒక చాకు దాచుకుని నిలబడేవారు, నేను వెతకాలి. మొదటిరోజు నేను అటూ ఇటూ తడుముతుంటే ఆవిడకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఏటే గుంటా, ఆ తడమడం? గోడకి పిడకలు కొడతన్నావేటి? ముందు సెప్పు, తర్వాత తాకు. అమ్మా, నడుం కాడ సెయ్యేస్తన్నాను అను. నోరు అరిగిపోద్దేటి?"

"చెప్తే దాచుకున్న వాళ్లు జాగ్రత్త పడిపోరా అండీ?"

"పడతారు. ఆ మాటకే ఒళ్లు బిగుసుకుపోద్ది. ఎక్కడ బిగిసిందో నీకు తెలిసిపోద్ది. మిగతావోల్లకి మర్యాద దక్కుతాది. ఒక మాటకి రెండు పన్లు."

ఆ రోజు నాకు చాకు దొరకలేదు. ఆవిడ కొప్పులోంచి తీసి చూపించారు. "కొప్పు మరిసిపోయేవు. నీ కలకత్తా విమానాన్ని నాను దారి మళ్లించి రంగం, అదే రంగూను, తీసుకుపోయేను, తెల్సా?"

నేను ఆవిణ్ని పూర్తిగా తెలుసుకున్నది మాత్రం రైళ్ల సమ్మె నాడు. రైళ్లన్నీ ఆగిపోయాయి. ఎన్నడూ విమానం మొహం చూడనివాళ్లు కూడా ఏరోడ్రోమ్‌కి వచ్చేవాళ్లు. అలా వచ్చింది పైడమ్మ. రావికమతం వైపు చెరకు రైతుల ఇంటి మనిషి, అరవైకి దగ్గర పడిన వయసు. కలకత్తా విమానానికి టిక్కెట్టు పట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో మా గుడ్డ తెర వెనక్కి వచ్చి నిలబడింది. నేను అరచేతులు రుద్దుకుని, చెప్పవలసిన మాట చెప్పాను. ఆమె ఒళ్లు బిగుసుకుంది. నడుం దగ్గర చేతికి గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది.

బాంబే అనుకున్నాను. అరవబోయాను. హెడ్డమ్మ గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, పైడమ్మ వైపు తిరిగారు.

"ఏటప్పా అది?"

పైడమ్మ నడుం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆయన," అంది.

"ఎవులు?"

"మా ఇంటాయన. సెంబులో ఉన్నాడు."

పిల్లల్లేరు. ఆడది అస్థికలు గంగలో కలపకూడదని మరుదులు అడ్డం తిరిగారు. వాళ్లూ కలపలేదు. కలకత్తాలో ఉన్న మేనల్లుడు టిక్కెట్టు పంపాడు. అక్కడా గంగే కదా! మరో విమానం దాకా ఆగితే పెద్దకర్మ దాటిపోతుంది. "తెలిస్తే ఎక్కనీరని నడుంకి కట్టుకున్నాను తల్లీ," అని ఏడ్చింది.

"నువ్వు సెప్పింది నిజవేనని నాకనిపిస్తంది. అయినా ఇప్పాలప్పా."

"గంగ కాడే ఇప్పాలమ్మా. నేల మీద పెట్టకూడదు."

"పెట్టం. ఒసే సత్తెవతీ, బూట్లిప్పు. సేతులు కడుక్కుని దోసిలి పట్టు."

ఆవిడా బూట్లు విప్పారు, టోపీ తీశారు. పైడమ్మ మూట విప్పి ఆ రాగి చెంబు నా దోసిట్లో పెట్టింది. మూతికి కట్టిన గుడ్డ ఆమే తీసింది. హెడ్డమ్మ గారు వంగి అడుగుదాకా చూశారు, వేలు పెట్టలేదు. "సాలు, కట్టీ," అన్నారు.

అంతలో సంగతి ఎలా తెలిసిందో, విమానం కంపెనీ ఆఫీసరు తెర బయటికి వచ్చి నిలబడ్డాడు. "హెడ్డమ్మా, అది కుదరదు. ప్యాసింజర్లు గొడవ చేస్తారు. కావాలంటే కింద లగేజీలో వేయిద్దాం."

"ఆయన్ని సామాన్లో ఏస్తారేటి బాబూ!" అంది పైడమ్మ, లోపల్నుంచే.

హెడ్డమ్మ గారు తెర తప్పించి బయటికి వెళ్లారు. "అస్తికలొద్దని ఏ రూల్లో ఉంది సార్? బుక్కు తెండి, సూపించండి."

అతను నిజంగానే పుస్తకం తెచ్చి తిరగేశాడు. "రాసి లేదు. కానీ పద్ధతి అని ఒకటుంటుంది కదా."

"మంచిదే. మరి ఎందుకాపేరో రాసి, సంతకం పెట్టి ఆవిడ సేతికియ్యండి. ఆయుధం లేదని నాను రాసిస్తన్నాను."

అతను జేబులో కలం మీద చెయ్యి వేశాడు. తీయలేదు. "సరే, విమానంలో ఎవరికీ చూపించొద్దని చెప్పండి."

"ప్రసాదవేటి సార్, తీసి పంచడానికి?"

పైడమ్మ మూటని రెండు చేతులతో పట్టుకుని, మెట్లెక్కి విమానంలోకి వెళ్లిపోయింది.

చోడవరం బస్సులో నేను అడిగాను. "నిజమేనని అనిపించాక కూడా విప్పించారెందుకండీ? పాపం, ఎంత ఏడ్చిందో."

"నమ్మీసి వొదిలీగల్ను. రేపు ఇంకోలి మొకం నచ్చక ఆపీస్తాను. నా కళ్లకి నచ్చడం, నచ్చకపోడం సట్టవేటే? సూడాలి. సూసేక వొదిలీయాలి. అంతే."

తర్వాత ఆ తెర వెనక ఎంతమందిని చూశానో! పెద్ద ఆఫీసర్ల భార్యలు, ఒళ్లంతా నగలు వేసుకున్నవాళ్లు, పసిబిడ్డల తల్లులు. మమ్మల్నే అనుమానిస్తారా అని కసిరిన వాళ్లకి కూడా అదే మాట చెప్పి, అదే చెయ్యి వేశాను. ఒక్కరినీ చూడకుండా పంపలేదు. ఉద్యోగం కాబట్టి చేశాననుకునేదాన్ని. కాదని తెలిసింది మీ అమ్మ పెళ్లి మాట వచ్చినప్పుడు.

మీ అమ్మ ఒక కుర్రాణ్ని చేసుకుంటానంది. అతని కులం పేరు వినగానే మా అన్నదమ్ములు లేచి నిలబడ్డారు. మన పద్ధతి కాదన్నారు. అతని మొహం ఒక్కరూ చూడలేదు. "కూర్చోండి. ముందు రానివ్వండి, నేను చూడాలి," అన్నాను. వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "బాబూ, మనసు నొచ్చే ప్రశ్నలు కొన్ని అడుగుతాను," అని ముందే చెప్పాను. ఉద్యోగం, అప్పులు, తాగుడు, ఇంట్లో వాళ్ల మాట, అన్నీ అడిగాను. ఒక్కదానికి మాత్రం సిగ్గుపడ్డాడు. దేనికీ అబద్ధం చెప్పలేదు.

లోపలికెళ్లి అన్నదమ్ములతో, "చూశాను. పెళ్లి జరుగుతుంది," అన్నాను.

ఆ కుర్రాడే మీ నాన్న.