ఒక మిల్లీమీటరు నింద

1981 జూన్ పద్నాలుగు, ఆదివారం, ఉదయం ఆరుంబావు. హోసూరులో మేమున్న అద్దె ఇంటి ముందుకు, ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తుండగా, స్టీరింగు పట్టుకుని రాజులా కూర్చుని మా అన్న ఒక చిన్న కారును తెచ్చి నిలిపిన వేళ అది. ఇంజిన్ నోరెత్తడం లేదు, ముందు దీపాల్లో ఒకటి లేదు, ఎడమ తలుపుకు గొళ్ళెం బదులు నులకతాడు. తేదీలూ వేళలూ ఇంత ఖచ్చితంగా చెబుతున్నానని నవ్వుకోకండి. నేను కొలతలు చూసే ఉద్యోగంలో చేరినదాన్ని, ఉజ్జాయింపుగా మాట్లాడడం నాకు చేతకాదు.

ఇన్నేళ్ళ తరువాత అది ఎందుకు గుర్తుకొచ్చిందంటే, పోయిన వారం పక్కింటివాళ్ళ అమ్మాయి తన చిన్న కారులో నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బస్టాండు దగ్గరి వంతెన ఎక్కేటప్పుడు కారు ఒక్క ఊపున పైకి పోతే, చిన్న ఇంజినుకు ఇంత బలం ఎక్కడిదని అడిగాను. బెంగళూరులో ఒక అంగట్లో ల్యాప్‌టాప్ తగిలించి అరగంటలో బలం పెంచి ఇచ్చారట. బానెట్ విప్పి ఏం చేశారని అడిగితే, “బానెట్ ఎందుకు తీయాల అవ్వా?” అని ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. ఇంటికి వచ్చి చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

మాది డెంకణికోట అడవి పక్కన గొర్రెలు మేపుకునే కుటుంబం. నాయనకు మంద తప్ప వేరే ఆస్తి లేదు. అన్న చిన్నప్పుడే ఊరు వదిలి లారీ షెడ్లలో పని నేర్చాడు, నేను పదో తరగతి చదివి హోసూరులో యంత్రాలకు చిన్న చిన్న భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో చేరాను. తయారైన ప్రతి ముక్కనూ మైక్రోమీటరుతో కొలిచి, సరిపోతే ఈ పక్క, సరిపోకపోతే ఆ పక్క పెట్టడం నా పని. వెంట్రుక మందంలో సగం తేడా వచ్చినా నా వేళ్ళకు తెలిసేది. అన్నకు పెళ్ళయి వదిన వచ్చాక ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

ఆ కారును నా చీటీ డబ్బుతోనూ అన్న దాచుకున్నదానితోనూ కలిపి కొన్నాము. కొన్న రోజే అన్న నాతో చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. “అమ్మణ్ణీ, దీన్ని మేలుమలై కొండ ఎక్కించినామంటే మనకు బాడుగలు దొరుకుతాయి. బాడుగలు దొరికితే షెడ్డు పెడతాం. ఇంజిన్ పనంతా నీది, బండి తోలేది నాది. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాపిస్తా.” ఆడపిల్ల ఇంజిన్ పని చేసే షెడ్డు అప్పట్లో కృష్ణగిరిలో లేదు, హోసూరులో లేదు, నేను విన్నంతలో ఎక్కడా లేదు. ఆ మాట కోసం నేను ఏడు నెలల ఆదివారాలు ఇచ్చాను.

కృష్ణగిరి నుంచి హోసూరుకు వచ్చే దారిలో మేలుమలై ఎక్కుడు ఎలాంటిదో నా వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఐదుగురిని ఎక్కించుకున్న చిన్న కారు అక్కడ రెండో గేరుకు దిగి, రేడియేటరులో నీళ్ళు కుతకుతలాడుతుంటే సగంలో ఆగిపోయేది. లోపల కూర్చున్నవాళ్ళు దిగి, చెట్టుకింద నిలబడి, డ్రైవరు డబ్బాతో నీళ్ళు పోసేదాకా ఎదురుచూసేవాళ్ళు. కొత్త ఇంజిన్ కొనే తాహతు మాకు లేదు, కాబట్టి ఉన్నదానికే చేతనైనంత బలం తేవాలనుకున్నాము. వెనకసీటు ఇనుప చట్రం తీసేసి, చెక్కపలక మీద పరుపు వేశాము, బరువు తగ్గింది. నూనెడబ్బా రేకును కత్తిరించి రేడియేటరు ఫ్యాను చుట్టూ గూడులా కట్టాము, గాలి పక్కలకు చెదరకుండా నేరుగా తగిలేది. ఇంకో రేకుతో గొట్టం చుట్టి, ఇంజిన్ వేడి తగలని చోటు నుంచి కార్బురేటరుకు చల్లగాలి తెచ్చాము. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం రవ్వంత పెద్దది చేసి, ప్లగ్గు విప్పి చూసి, మసి పట్టితే మళ్ళీ చిన్న జెట్టు వేసి, ప్లగ్గు మూతి, పెట్రోలు సరిపోయిందని చెప్పే లేత బిస్కెట్టు రంగుకు వచ్చేదాకా మార్చుతూనే ఉన్నాను. గాలి పోయే దారుల లోపలి గరుకును ఎమరీ కాగితం వేలికి చుట్టుకుని తోమి తోమి నున్నగా చేస్తే, నా కుడిచేతి చూపుడువేలి మీద చర్మం రెండుసార్లు ఊడింది.

నేను ఇంటి ముందు పీట వేసుకుని పిస్టన్లు కడుగుతుంటే ఎదురింటి అక్క ఊరుకునేది కాదు. “ఏమ్మా, పెండ్లి చేసుకునే వయసులో మసి పూసుకుంటుండావే, నిన్ను ఎవురు చేసుకుంటారు?” అనేది. “మొగుడు కన్నా ఇదే మాట వింటుందక్కా, స్క్రూ తిప్పితే తిరుగుతుంది,” అని నేను అంటే వదిన కడుపు పట్టుకుని నవ్వేది. అవి మంచి రోజులు. అది ఒప్పుకోకపోతే నేను అబద్ధం రాసినదాన్ని అవుతాను.

అన్నిటికన్నా పెద్ద పని హెడ్డుది. ఇంజినుకు పైమూత లాంటిది హెడ్డు. దాని అడుగుభాగాన్ని కొంచెం అరగదీయిస్తే లోపలి జాగా తగ్గి, పెట్రోలు ఆవిరి మరింత బిగువుగా నొక్కుకుని, పేలినప్పుడు బలం ఎక్కువ వస్తుంది. ఎంత అరగదీయాలన్నదే ప్రశ్న. నాయన గొర్రెలకు సూదులు వేసే పాత సిరంజి ఒకటి తెచ్చుకుని, దానితో హెడ్డులోని నాలుగు గుంతల్లో నూనె నింపి, ఒక్కోదాంట్లో ఎంత పడుతుందో కొలిచి, లెక్క వేసి, సరిగ్గా ఒక మిల్లీమీటరు అన్నాను. బెంగళూరులో గ్రైండింగ్ చేయించి తెచ్చాక మూడుచోట్ల కొలిచాను. ఒక మిల్లీమీటరే. అప్పుడే అన్నకు గట్టిగా చెప్పాను, ఇకమీదట ఈ బండికి మంచి పెట్రోలు తప్ప వేరేది తాకించకూడదని. ఆ దారిలో తిరిగే డ్రైవర్లు చాలామంది పెట్రోలులో కిరసనాయిలు కలిపేవాళ్ళు, పాత ఇంజిన్లు దగ్గుతూనే దాన్ని భరించేవి. మా ఇంజిన్ ఇప్పుడు భరించదు. అందులో కిరసనాయిలు పడితే వేళకు ముందే అంటుకుని పిస్టనును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అన్న తలూపాడు.

డిసెంబరులో ఖాళీ బండితో రెండుసార్లు, ఐదుగురితో ఒకసారి మేలుమలై ఎక్కాము. ఎక్కడా ఆగలేదు. మూడోసారి పైకి చేరాక అన్న బండి ఆపి, దిగి, నా నెత్తిన చెయ్యి పెట్టాడు.

అదే సమయానికి హోసూరులో ఒక ఫ్యాక్టరీవాళ్ళు కృష్ణగిరిలో ఉండే తమ ఆఫీసర్లను రోజూ తీసుకురావడానికి కారు వెతుకుతున్నారని తెలిసింది. ఐదుగురు కూర్చోవాలి, దారిలో ఆగకూడదు, ఎనిమిదికి గేటు దగ్గర ఉండాలి. ముందు ఒకరోజు నడిపి చూపించమన్నారు. 1982 జనవరి ఇరవై, బుధవారం. ఆ తెల్లవారుజామున అన్న కొత్త తెల్లచొక్కా, నల్లబూట్లు వేసుకుని కృష్ణగిరికి బయలుదేరితే, అచ్చం దొరల డ్రైవరులా ఉన్నావని నేనే మెచ్చుకున్నాను. పెట్రోలుకని విడిగా పెట్టిన డబ్బు ముందురోజే అతని చేతికిచ్చాను. నేను సెలవు పెట్టి ఏడున్నరకే ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను.

తొమ్మిదిన్నరకు వచ్చింది కారు, ఒక లారీ వెనక తాడు కట్టించుకుని. ఆఫీసర్లు అంతకుముందే బస్సులో వచ్చి లోపలికి పోయారు. వాళ్ళ మేనేజరు ఒక్కడు గేటు దగ్గర నిలబడి ఏమైందని అడిగాడు. మా అన్న నావైపు చూడకుండా చెయ్యి మాత్రం నావైపు చాపి, “నాది ఏమీ లేదు సార్. మా చెల్లెలు కదా పని చేసింది. హెడ్డు ఎక్కువ అరగదీయించేసింది. ఆడపిల్ల సంబరపడుతుందని ఊరుకున్నా,” అన్నాడు. మేనేజరు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. తరువాత ఊళ్ళో ఏ షెడ్డుకు పోయినా ఆ కథే ముందు వెళ్ళి కూర్చుని ఉండేది.

మర్నాడు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి అన్న ఇంజిన్ విప్పేశాడు. రెండో పిస్టను నెత్తిన వేలు దూరేంత రంధ్రం. ట్యాంకు ఖాళీ చేసి కడిగి బోర్లించాడు. నేను మొదట అడిగినది కిరసనాయిలు గురించే. అన్న లేచి నిలబడి, “నాయన మంద మీద ఆన. మంచి పెట్రోలే పోసినా,” అన్నాడు. బయటివాళ్ళకు ఇది చిన్నమాటగా ఉండవచ్చు. మా ఇళ్ళలో మంద మీద ఆన పెట్టి అబద్ధం చెప్పినవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు, వినలేదు. పెడితే గొర్రెలకు రోగం దిగుతుందని, ఇంట్లో అన్నం ఉండదని చిన్నప్పటి నుంచి ఒళ్ళు జలదరించేలా విన్నాము. దొంగతనం మోపినా, హద్దుతగాదా వచ్చినా, ఆ ఆన పడితే పంచాయతీ అక్కడితో లేచిపోయేది.

నేను హెడ్డును మళ్ళీ కొలిచాను. ఒక మిల్లీమీటరే. ఐతే ఆన అబద్ధం అయ్యే వీలు లేదు కాబట్టి, నా లెక్కే అబద్ధం అయి ఉండాలి. ఇలా నేను నా కళ్ళను వదిలి ఆ మాటను పట్టుకున్నాను. ఆ తరువాత ఫ్యాక్టరీలో ఒక ముక్కను ఒకసారి కొలిచి పెట్టలేకపోయేదాన్ని. రెండుసార్లు, నాలుగుసార్లు కొలిచినా మళ్ళీ కొలిచేదాన్ని. బల్ల మీద ముక్కలు పేరుకుపోయేవి. ఏప్రిల్‌లో సూపర్‌వైజరును నేనే అడిగి ప్యాకింగుకు మారిపోయాను. అక్కడ కొలిచేది ఏమీ లేదు, అట్టపెట్టెలో పెట్టి మూత వేయడమే. కారును అన్న పాత ఇనుముకు అమ్మేసి, వదినను తీసుకుని, కృష్ణగిరిలో వేరొకరి కారు తోలడానికి పోయాడు. షెడ్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

1984 దీపావళికి ముందు వదిన హోసూరు వచ్చింది. రేషనులో కిరసనాయిలు, వదిన మాటలో సీమెణ్ణె, సరిగా పోయడం లేదని, పండుగకు పిండివంటలు ఎట్లా చేసేదని మాటలు నడుస్తుంటే, తను నవ్వుతూ అన్నది, “ఇది ఏముందమ్మా, ఆ కారు తోలి చూపిన పొద్దు కన్నా కష్టమా? కార్డులో వచ్చిన సీమెణ్ణె అంతా మీ అన్న డబ్బాతో తీసుకుపోయి ట్యాంకులో పోసేసె. పెట్రోలు దుడ్డు చొక్కాకూ బూట్లకూ అయిపోయింటే ఏం చేస్తాడు పాపం. నేను వారం దినాలు కట్టెలతో వండినా, కండ్లు మంటలు.” నా ముఖం చూసి ఆగిపోయింది. “నీకు తెలీదా? నీకు చెప్పినానన్నాడే.”

ఆ తరువాతి ఆదివారం పొద్దున బస్సెక్కి కృష్ణగిరి పోయాను. అన్న బస్టాండు పక్కన కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడి టీ చెప్పబోయాడు. నేను టీ వద్దని, ఆన గురించి అడిగాను. గుడ్డ పిండి కారు మీద ఆరేసి, కొంచెంసేపు దాన్నే సరిచేస్తూ నిలబడ్డాడు.

“ఆ పొద్దు నేనే అని చెప్పింటే నాకు ఎవురు బండి ఇస్తారమ్మణ్ణీ? నేను డ్రైవరు. నీకు ఫ్యాక్టరీ ఉండె కదా.”

“మంద మీద ఆన పెట్టినావే.”

“పెట్టినా. ఏమాయె? గొర్రెలు బాగానే ఉండాయి కదా?” అని నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. “ఆడపిల్లవి. రేపో మాపో వంట చేసుకునేదానివి. నీకేం పోయె చెప్పు?”

మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాను. నాయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఆ మందలో ఒక్క గొర్రెను కూడా ఉంచుకునేవాడు కాదు, బతకడానికి వేరే దారి లేదు. 1986లో ఆయన పోయేదాకా, తన కూతురు తెలియని పనిలో వేలు పెట్టి అన్న బతుకు పాడు చేసిందనే అనుకున్నాడు. ఎప్పుడూ తిట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్ళతో మాత్రం, మా పాప చేతిపని బాగుంటుందని అంతకుముందు చెప్పుకున్నట్టు చెప్పుకోలేదు.

ఇప్పుడు మేలుమలై మీద కార్లు ఆగవు. దారి వెడల్పయింది, ఎక్కుడు ఎక్కుతున్నట్టే తెలియదు. మా వైపు మందలు కూడా తగ్గిపోయి, మేపినవాళ్ళ పిల్లలు ఫ్యాక్టరీ బస్సుల్లో తిరుగుతున్నారు. ఇప్పుడు ఎవరూ దేని మీదా ఆన పెట్టరు, కాగితం మీద సంతకం పెడతారు. సంతకం అబద్ధమైతే ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు. ఆన అబద్ధమైతే ఎక్కడికి పోవాలో మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు, అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అన్న పోయి చాలా ఏళ్ళయింది. “నీకేం పోయె” అని ఆ రోజు అతను అడిగినదానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. బాగుచేసిన ఇంజిన్ ఒకటి. ఇద్దరి పేర్లతో పెట్టవలసిన షెడ్డు ఒకటి. ఇన్‌స్పెక్షన్‌లో కిటికీ పక్కన నా కుర్చీ. ఒకసారి కొలిచి చాలనుకునే ధైర్యం. నాయన నా గురించి చెప్పుకునే మాట. ఒక అన్న.