అక్కకి విశ్వాసం చాల్లేదట

కిడ్నీలు పాడై మా అక్క నాలుగేళ్లు డయాలసిస్ చేయించుకుంది. వారానికి రెండుసార్లు నరసన్నపేట నుంచి శ్రీకాకుళం బస్సులో వెళ్లేది. సూదులు గుచ్చిన చెయ్యి వాచిపోయినా, పక్క మంచం మీది ముసలావిడ కోసం ప్రార్థన చేసిగాని కళ్లు మూసేది కాదు. పోయిన వేసవిలో అక్క చనిపోయింది.

మమ్మల్ని ఓదార్చడానికి ఇంట్లో పెట్టిన ఆదరణ కూటానికి మా చర్చి సంఘపెద్ద వచ్చాడు. మా అమ్మ ఎదురుగా కూర్చుని, "విశ్వాసం గట్టిగా ఉంటే బతికేదమ్మా" అన్నాడు. అమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటండీ ఆ మాట? ఒక్క రోజైనా ఆస్పత్రికొచ్చి సూసేరా మీరు? మా అక్క విశ్వాసం ఎంతో ఆ పక్క మంచం మామ్మని అడగండి, సెప్తాది" అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. పెద్దాయన్ని అలా అంటావా అని బంధువులంతా నామీద పడ్డారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "బాగా అడిగేవు, కూకో" అంది.

ఆదివారం చర్చికి ఇప్పటికీ వెళ్తున్నాను. తన స్నేహితుడి సమాధి దగ్గర యేసు ఏడ్చాడని అక్కే నాకు చెప్పింది. ఏడ్చే ఆ దేవుణ్ణి నమ్ముతాను. ఆ సంఘపెద్ద ప్రార్థన చేస్తే మాత్రం నా నోట ఆమెన్ రావడం లేదు.