బందెలదొడ్డిలో ఆఫీసరు గారి మనిషి

ఆదిశేషమ్మ గొంతు గురించి తోటపల్లి గూడూరు మండలంలో ఎవరినడిగినా చెబుతారు. ఆమె తన రొయ్యల గుంట గట్టు మీద నిలబడి దగ్గితే సముద్రంలో అల రెండడుగులు వెనక్కి పోతుంది. మొగుడు పోయిన ఏడు, అయినవాళ్ళంతా చేరి గుంట అమ్మెయ్యమంటే, వాళ్ళ ఎదురుగానే చీర ఎగదోపి బురదలోకి దిగింది. పదకొండేళ్ళయింది. ఆమె ఇంకా పైకి రాలేదని కొందరంటారు. రొయ్య మీసం కదిలిన తీరు చూసి రేపటి వాన చెబుతుందని మాత్రం అందరూ అంటారు.

అంతటి మనిషి కంట నీళ్ళు పెట్టించినవాడు ఒక్కడే, మాల్యాద్రి. గుంటల్లో నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే ఫ్యాన్లుంటాయి. వాటి మోటార్లు ఎత్తుకుపోవడం వాడి వృత్తి. తిరుగుతున్న మోటారును ఆపకుండానే చంకన పెట్టుకుపోతాడని పేరు. పట్టుకుని స్టేషనుకు తీసుకుపోతే, మెట్లెక్కేలోపే లోపల ఫోను మోగేది. వాడు టీ తాగి, మూతి తుడుచుకుని దిగివచ్చేవాడు.

ఆ ఫోను సుశీల్ కుమార్ గారిది. ఆయనది బోర్డు లేని ఆఫీసు. సముద్రం మీద తిరిగే దొంగపడవల ఆనుపానులు కూపీ లాగడం ఆయన ఉద్యోగం. ఆ కబుర్లు మోసుకుపోయేది మాల్యాద్రి. ఇది పరమ రహస్యం కాబట్టి ఊళ్ళో ఉయ్యాల్లో ఉన్న పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వానాకాలం మూడు రోజులు ఎడతెగని మబ్బు. మబ్బు పడితే గుంట నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. సరిగ్గా మూడో రోజు పొద్దున ఆదిశేషమ్మ చూసుకుంటే నాలుగు మోటార్లకు ఒక్కటే మిగిలింది. తొంభై రోజులు సాకిన రొయ్యలు పైకి తేలి మూతులు చాస్తున్నాయి. మధ్యాహ్నంలోపు మోటార్లు తిరక్కపోతే గుంటంతా తెల్లగా తేలుతుంది.

రొయ్య ఎలా ఉందో చూద్దామని విసురు వల భుజానేసుకుని గట్టు మలుపు తిరిగింది. అక్కడ మాల్యాద్రి. పట్టపగలే. మోటారుతో పాటు ఫ్యాను చక్రం కూడా ఉంటే గాని కొనేవాడు ఒప్పుకోలేదట, దానికోసం మళ్ళీ వచ్చాడు. ఆమెను చూసి పరుగు తీయబోయి నల్లబురదలో జారాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని వాడి మీద పడింది. పదకొండేళ్ళలో అంత చక్కగా ఎప్పుడూ పడలేదు.

"నన్ను ముట్టుకోబాకక్కా. ఫోనొస్తాది," అన్నాడు వలలోంచి.

"రానీ."

నిజంగానే వచ్చింది, వాడి జేబులోనే. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"సారూ, మీ దున్నపోతు నా గుంటలో పడినాది. బందెలదొడ్లో తోలుతుండా. మీరే వచ్చి ఇడిపించుకోండి."

బందెలదొడ్డంటే పరాయి చేలో మేసిన పశువును కట్టేసే దడి. సొంతదారు నలుగురిలోకి వచ్చి "ఈ పశువు నాది" అని ఒప్పుకుని, జరిగిన నష్టం సరిచేస్తేనే తలుపు తీస్తారు. పశువులు తగ్గాక అందులో ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. పంచాయతీ కావలి హజరత్తయ్యకు తాళంచెవి వెతికేసరికే ముచ్చెమటలు పట్టాయి.

జీపు అరగంటలో వచ్చింది. రెక్కలొచ్చి వచ్చిందన్నా నమ్మేవాళ్ళున్నారు. సుశీల్ కుమార్ గారు ఇస్త్రీ చొక్కాతో దిగి, ఊరంతా అక్కడే ఉండడం చూసి కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇతనికీ నాకూ సంబంధం లేదమ్మా."

"మరెందుకొచ్చినారు సారూ, ముళ్ళపొదలు చూడ్నా?"

ఆయన ఆమెను పక్కకు రమ్మన్నారు. ఆమె కదల్లేదు. గొంతు తగ్గించారు. "చూడమ్మా, మంచోళ్ళకు దొంగపడవల సంగతి యాడ తెలుస్తాది? ఇట్టాంటోళ్ళు లేకపోతే మా పనే జరగదు. వాడు చెప్పిన కబురుతో పోయినేడు పెద్ద ప్రమాదమే తప్పింది. వాడు దొంగతనం చేస్తే ఆ పాపం వాడిది, మాది కాదు."

"పాలు పిండుకోబాకండని నేనన్లా. పిండుకునేటప్పుడు మీది, నా చేలో పడితే ఎవురిదో అంటే ఎట్ట? తాడు మీ చేతిలోనే ఉండె గదా."

"నేను దొంగతనం చెయ్యమన్లేదు."

"పట్టుకుంటే ఇడిపిస్తానన్నారు. అది చాలు వాడికి." ఆమె గుంటవైపు చెయ్యి చూపింది. గొంతు మొదటిసారి వణికింది. "అయ్యి సస్తుండాయి సారూ. ఇప్పుడన్నా చెప్పు, మోటార్లు యాడుండాయిరా మాల్యాద్రీ?"

మాల్యాద్రి నోరు తెరిచేలోపే సుశీల్ కుమార్ గారు, పీడ వదిలితే చాలన్నట్టు, గబగబా అన్నారు: "పాత ఐసు ఫ్యాక్టరీ వెనక, పరదా కింద."

ఆయన నాలుక కరుచుకున్నారు.

"మీకెట్ట తెలుసు సారూ?" హజరత్తయ్య చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నీ సార్‌కు చెప్పే చేస్తా గదన్నా," అన్నాడు మాల్యాద్రి లోపలినుంచి, కాస్త గర్వంగానే.

ఆయన మొహంలో రంగులు ఎన్ని మారాయో లెక్కేసినవాళ్ళున్నారు, ఏడంటారు. కాసేపటికి కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, తల దించుకునే అన్నారు: "నా మనిషే."

"సముద్రానికి ఇనపడ్లా," అంది ఆదిశేషమ్మ.

"నా మనిషేనమ్మా."

తలుపు తీశారు. మోటార్ల కోసం హజరత్తయ్య ఆటో పోయింది. అది వచ్చేదాకా రొయ్యలు ఆగవు కదా, నీళ్ళలోకి దిగి తాటిమట్టలతో బాదాలి. ఆదిశేషమ్మ ఇద్దరికీ చెరొక మట్ట ఇచ్చింది. ఆఫీసరు గారు ఇస్త్రీ చొక్కాతోనే నడుము లోతున దిగి బాదారు. వాడు ఒకటి కొడితే ఆయన రెండు. గట్టు మీద ఆడవాళ్ళు లెక్క చెబుతూ నవ్వారు, ఒకామెకు నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టి మర్నాటిదాకా పోలేదు.

మోటార్లు వచ్చి బిగించేసరికి పన్నెండు కావచ్చింది. తెల్లటి నురగ లేచింది. రొయ్యలు ఒక్కొక్కటే మూతులు దించి అడుక్కు జారిపోయాయి. ఆదిశేషమ్మ గట్టున కూలబడి, చాలాసేపు వాటినే చూసింది.

సుశీల్ కుమార్ గారు బురదకాళ్ళతో జీపెక్కి తాళం తిప్పబోయారు.

"సారూ, మీదేదో మర్చిపోయినారు," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

ఆయన ఓ నిట్టూర్పు విడిచి, పక్క సీటు తలుపు తెరిచారు. మాల్యాద్రి దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. ఊరి మధ్యనుంచే పోయింది జీపు, ఇంకో దారి లేదు మరి.