బ్రేకు రబ్బర్లు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మేము కంచరపాలెంలో ఉండేవాళ్ళం. మా మావయ్యకి సైకిళ్ళ పిచ్చి. పక్కింటి అక్క కాలేజీ సైకిలు పందేనికి పేరిచ్చిందని తెలిశాక ఆ పిచ్చి ఇంకాస్త ముదిరింది. టైరులో ఎంత గాలి ఉంటే తేలిగ్గా దొర్లుతుందో తేల్చందే ఆయనకి అన్నం సయించేది కాదు.

పాతసామాన్లలో దొరికిన ఇనుప రోలరు ఒకటి పెరట్లో బిగించాడు. దాని మీద సైకిలు చక్రం ఆనించి, గట్టిగా తిప్పి వదిలేసి, ఎంతసేపటికి ఆగుతుందో వాచీలో చూసేవాడు. రాయిలా గాలి కొట్టిన టైరే ప్రతిసారీ ఎక్కువసేపు తిరిగింది. గాలి తగ్గిస్తే త్వరగా ఆగిపోయేది. ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవడమే అన్నాడు మావయ్య. ఆయన మాటంటే మాకు వేదం.

మర్నాడు సాయంత్రం మావయ్యా, నేనూ, తన సైకిలుతో అక్కా రైలుగేటు వైపు దిగే వాలు దగ్గరికి వెళ్ళాం. అక్క పెడల్ తొక్కకుండా దిగితే సైకిలు ఎక్కడిదాకా పోతుందో చూడాలి. మబ్బు పట్టి ఉంది. పోర్టు వైపు నుంచి గాలికొచ్చే నల్లదుమ్ము పళ్ళకింద కరకరలాడుతోంది. నాకెందుకో ఇంటికి పోవాలనిపించింది. మావయ్య బ్రేకు రబ్బర్లు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"బ్రేకుల్లేకండా ఎలాగ దిగుతాను మావయ్యా?" అంది అక్క.

"రబ్బరు రాసుకుంటే లెక్క తప్పిపోద్ది. కిందకెళ్ళాక దానంతటదే ఆగిపోద్ది. ఏటీ అవదు."

మొదట గట్టి టైర్లతో దిగింది. గుంతల్లో ఎగిరెగిరి పడుతూ వచ్చి గేటుకి చాలా ఇవతలే ఆగింది. అక్కడ నేనొక రాయి పెట్టాను. సైకిలు మళ్ళీ పైకి తెచ్చాక మావయ్య టైర్లలో గాలి తగ్గించి, "ఇది ఇంకా బేగి ఆగిపోద్ది సూడు," అన్నాడు. అప్పటికే గేటు పడింది. గూడ్సు వస్తోంది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు.

ఈసారి సైకిలు ఎగరలేదు. గుంతల మీద నుంచి మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చి నా రాయిని దాటేసింది. అక్క బ్రేకులు నొక్కుతూనే ఉంది. "మావయ్యా!" అని ఒక్క కేక వేసింది. గేటు ముందు అక్క పక్కకి దూకి తుప్పల్లో పడింది. సైకిలు మాత్రం గేటు కింద నుంచి జారి పట్టాల మీదికి పోయింది. గూడ్సు దాన్ని నలిపేసుకుంటూ పోయింది.

మోకాళ్ళు చెక్కుకుపోయిన అక్కని మావయ్యే ఎత్తుకొచ్చి, తను సొంత అక్కలా చూసే వాళ్ళమ్మ ముందు దించాడు. "తప్పు నాదే అప్పా. రోలరుకి గుంతలు లేవు. గుంతల్లో గట్టి టైరే ఎగిరెగిరి బేగి ఆగిపోద్ది, మెత్తంది సాగిపోద్ది. ఆ మాట నాకు తట్టలేదు," అని ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో చూసేశాం, ఏమీ కాదు అని ధీమాగా అంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఎంత చదువుకున్నవాళ్ళయినా సరే, ఒక్కటే అడుగుతాను: మన లెక్క తప్పితే, ఆగేదెలా?