ఎవరిదీ కాని నెల

మొన్న వికారాబాద్‌లో మా కాలనీవాళ్లం, వయసు మళ్లినవాళ్ల కోసం అందరం కలిసి ఒక ఇల్లు కట్టుకుందామని సమావేశమైనప్పుడు, అందులో ఒక నెల ఉండి చూసి, నచ్చితే స్థిరపడవచ్చునని ఎవరో వివరిస్తుంటే, ఆ 'నెల' అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా నాయనమ్మ తన చివరి రోజులన్నీ ఆ మాటకు భయపడుతూనే గడిపింది మరి.

తాత పోయాక ఆమెకు సొంత గడప లేకపోయింది. ఒక నెల వికారాబాద్‌లో మా నాన్న దగ్గర, ఒక నెల తాండూరులో పెదనాన్న దగ్గర అని కులపెద్దలు వంతులు వేశారు. అమావాస్య దగ్గరపడుతుంటే ఆమె ముల్లె కట్టేది, విప్పేది, మళ్లీ కట్టేది. రైలు తప్పితే ఆ పూట ముద్ద ఎవరి వంతులో పడుతుందోనని ఆమె ఫికరు. మన తరం వాళ్లకు ఇలాంటి ముల్లెలు కొత్త కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒక ఏడు అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం మా వంతు, శ్రావణం పెదనాన్న వంతు. మరి రెండు శ్రావణాల్లో మొదటిది ఎవరిది? పేరు శ్రావణమే కనుక అన్న వంతేనని నాన్న. నిజ శ్రావణమే నాది, అధికంతో నాకేం పని అని పెదనాన్న. వాళ్లు దుర్మార్గులు కారు. వానలకు తాండూరు నాపరాతి గనుల్లో నీళ్లు నిండి పెదనాన్నకు పని నిలిచిపోయింది, ఇక్కడ ధాన్యం అమ్మే గంజ్‌లో సరుకు లేక నాన్న ఖాళీ. సూర్యచంద్రుల లెక్క కుదరాలని ఒక నెలను కలిపిన పంచాంగం, ఆ నెలకు ముసలామె తిండిని మాత్రం కలపలేదు. ఆచారాన్ని నిలదీయాలన్న బుద్ధి నాకు ఆ నెలలోనే పుట్టిందనుకుంటాను.

అమావాస్య మర్నాడు వాదం తేల్చుకోవడానికి పెదనాన్నే వచ్చాడు; వికారాబాద్ స్టేషన్‌లో అన్నదమ్ములిద్దరూ వాదించుకుంటుండగానే తాండూరు బండి వచ్చి నిలబడింది. నాయనమ్మ ముల్లె మీద కూర్చుని ఒకసారి బండి వైపు, ఒకసారి మా ఇంటి దారి వైపు చూస్తోంది. ఇద్దరూ కాదంటే ఈమె ఇక్కడే ఉండిపోతుందేమోనని, నేను ఆమె కొంగు వదల్లేదు. బండి వెళ్లిపోయింది.

అప్పటికే కబురు విని మర్పల్లి నుంచి బస్సు దిగిన మేనత్త, వాళ్లిద్దరికీ ఒక్కతే చెల్లెలు, వచ్చీ రాగానే తల్లిని లేపి ముల్లె చంకన పెట్టుకుంది.

"గీ నెల ఎవ్వలది గాదంటున్నరు గద. గట్లయితె నాది. నడువే అవ్వా."

"బిడ్డింట్ల పడి తింటే నలుగురు నవ్వరా?" అంది నాయనమ్మ, కదలకుండా.

"అధికంల పెండ్లి లేదు, పేరంటం లేదు, అన్ని ఆచారాలు బందే. గిదొక్కటే నడుస్తదా? నవ్వెటోళ్లను గూడ రమ్మను, ఇంత జొన్నగట్క పెడ్త."

నాయనమ్మ ఆమె వెంట మర్పల్లి బస్సు ఎక్కింది.

ఆ తర్వాత నాయనమ్మ ఎప్పుడు మా ఇంటికి వచ్చినా, ముల్లె దించకముందే నన్ను అడిగేది: "అధికం మల్ల ఎప్పుడొస్తది బిడ్డా?" దాదాపు మూడేళ్లు ఆగాలంటే, ఆగుతాననేది. ఆగలేకపోయింది.

మొన్నటి సమావేశంలో ఇల్లు కట్టాలనే నేను చెయ్యెత్తాను. పన్నెండు నెలలూ ఒకే గడప, కట్టి విప్పే ముల్లె లేదు, ఇంతకంటే న్యాయం ఏముందని గట్టిగానే వాదించాను. కానీ చెయ్యి దించినప్పటి నుంచీ ఒకటే దిగులు: వంతులే లేని ఆ ఇంట్లో, తలుపు తోసుకొని వచ్చి గీ నెల నాది అనే మనిషి ఎక్కడి నుంచి రావాలి?