పన్నెండు పంటల పరలోకం

ఒకప్పుడు నేను పరలోకం గురించి ఎంత గొప్పగా చెప్పేవాడినంటే, విరుదునగర్‌లో ఒక వీధి వీధంతా పనులు మానుకుని వినడానికి వచ్చేది. పక్కనున్న పప్పుల మిల్లులో యంత్రాలు ఆపేసేవారు. చర్చి పాస్టరుగారు కూడా వెనక నిలబడి తల ఊపేవారు.

ఇంతవరకూ రాశాక ఒప్పుకోక తప్పదు. వీధి రాలేదు. మిల్లు ఆగలేదు. పాస్టరుగారు ఒకసారి వచ్చారు గాని, ఆయన వచ్చిన వేళకు నేను కుర్చీలో నిద్రపోతున్నాను. నా మాటలు విన్నది ఒక్కరే, మా అక్క. ఆవిడైనా మంచం మీంచి లేవలేక విన్నది. ఏది చెప్పినా నాలుగు కలిపి చెప్పడం, ఆ తర్వాత ఊరుకోలేక నిజం కక్కడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బుతో ఒకసారి, మా అక్క ఇరవై ఏళ్లుగా పట్టుకుని బతికిన ఆశనే చెడగొట్టబోయాను.

మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. వాన పడితే ఏడాదికి ఒక్క పంట, పడకపోతే అదీ లేదు. అక్కను విరుదునగర్‌లో పప్పుల మండీలో పనిచేసే మనిషికి ఇచ్చారు. ఇద్దరు కొడుకులు. చిన్నవాడు ఎనిమిదో ఏట మూడు రోజుల జ్వరంలో పోయాడు.

అక్క చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది, క్రైస్తవురాలు. సాయంత్రం బడి అయ్యాక గంజి గిన్నె పట్టుకుని వచ్చి కూర్చునేది. ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం, "మీవాడు తప్పిపోలేదమ్మా. ఎవరి దగ్గర ఉన్నాడో నాకు తెలుసు," అందట. అక్క ఆ రోజు గంజి తాగింది. తరువాతి ఆదివారం ఆమె వెంట చర్చికి వెళ్లింది.

మా నాన్న మండిపడ్డాడు. ఆ కూతురి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు. నేను ఆయన కళ్లు గప్పి, ప్రాణానికి తెగించి అక్కను చూసి వచ్చేవాడిని. అది కూడా నిజం కాదులెండి. కొత్త వేరుశనగలు వచ్చినప్పుడు నాన్నే సంచి కట్టి నా చేతికిచ్చి, "నేనిచ్చినానని చెప్పొద్దు," అనేవాడు.

ఆ తర్వాత అక్కకు కష్టాలు తక్కువేమీ కాలేదు. బావ పోయాడు. పెద్దకొడుకు వెంబకోట్టై బాణసంచా పనికి పోయేవాడు. ఆ పని నెలల తరబడి ఆగిపోతే ఇల్లు గడవడమే గగనమయ్యేది. నేను ఓదార్చబోతే అక్కే నన్ను ఓదార్చేది. "అంతా అయినాక వాని దగ్గరికే కదరా పోయేది. మద్దిలో ఎట్లుంటే ఏమి?" చిన్నవాణ్ణి తలచుకుని అనే ఆ ఒక్క మాట మీద ఆ ఇల్లు ఇరవై ఏళ్లు నిలబడింది.

తొంభైల చివర్లో అక్కకు రొమ్ములో గడ్డ లేచింది. మదురైలో పెద్ద డాక్టరు చూసి, ఇంటికి తీసుకెళ్లి ఆమెకు ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. అక్క బెదరలేదు. రైలు ఎక్కబోయే మనిషిలా దుప్పట్లు మడత పెట్టించింది, అరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్లకు పంపించింది. నేను చూడబోతే దిండు కింద నుంచి వేదపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. అది తమిళంలో ఉంది. అక్కకు ఏ భాషా చదవడం రాదు.

"చివర్లో ఆ ఊరి సంగతి ఉండాది చూడు, అది చెప్పు," అంది.

"పాస్టరయ్య చదవలేదా అక్కా?"

"నూరుమాట్లు చదివినారు. తమిళంలో వింటే కలెక్టరాఫీసు సంగతి మాదిరి ఉండాది. మనింటి మాటల్లో చెప్పు. రేపో మాపో నేను పోయే ఊరు కదా."

ఆ విధంగా నేను వారానికి మూడుసార్లు కోవిల్‌పట్టిలో ప్యాసింజరు ఎక్కి విరుదునగర్ వెళ్లి, వేదపుస్తకమంతా తెలుగులో వినిపించాను. సరే, వారానికి ఒక్కసారే. పుస్తకమంతా కాదు, చివరి రెండు పుటలు. సాత్తూరు దాటేలోగా ఒకసారి చదువుకుని, అక్క మంచం పక్కన కూర్చుని మా ఇంటి మాటల్లోకి మార్చేవాడిని. ఆ రెండు పుటలు మార్చడం కూడా తేలిక కాదు. ఆ పట్టణం గోడల్లో ఎన్నో రకాల రత్నాలు ఉన్నాయి. మా మాటలో వాటికి పేర్లెక్కడివి? "అమ్మ ముక్కుపుడకలో రాయి ఉండేదే, ఆ మాదిరి. ఇంకొకటి దానికన్నా పెద్దది," అని నెట్టుకొచ్చాను. గుమ్మాలు ముత్యాలవి అన్నాను.

"ముత్యంతో తలుపా? గట్టిగా మూస్తే పగలదా?"

"మూయరు అక్కా. ఎప్పుడూ తెరిచే ఉంటాయి."

"దొంగలు?"

"లేరు."

అక్కకు అది బాగా నచ్చింది. కోడలిని కేకేసి మరీ చెప్పింది. "వింటివా, ఆడ తలుపులు మూసేది లేదంట."

వినేవాళ్లు సంతోషిస్తే నా నోరు ఆగదు. ఆ పుస్తకంలో నది ఉంది. నేను నది గట్టున మన మోటబావి లాంటి బావి పెట్టాను, అంచు దాకా నీళ్లు. చిన్నప్పుడు మా ఇంట్లో కొమ్ములు వంకర తిరిగిన గేదె ఉండేది. దాన్ని తెచ్చి బావి పక్కన కట్టేశాను. నెలనెలా కాయలు కాసే చెట్టు ఒకటి ఉందని రాసి ఉంది. ఏడాదికి పన్నెండు కాపులు. ఒక్క పంట కోసం ఆకాశం కేసి మెడలు పట్టేలా చూసిన మా వంశంలో పుట్టిన వాడికి ఆ మాట చదివితే ఒళ్లు ఊరుకుంటుందా?

"చెట్టు ఒకటే కాదు అక్కా. నేలంతా అంతే. మన కరిసలు రేగడి మాదిరి నల్లని నేల, కనుచూపు మేర పత్తి. ఏడాదికి పన్నెండు పంటలు. ఒకటి తీసేలోగా ఇంకొకటి పగులుతుంది. యాడ చూసినా తెల్లగా, మబ్బు నేల మీదికి దిగినట్ల."

ఆ చివరి మాట నాకే ముచ్చటేసింది. అక్క ఏమీ అనలేదు. ఆనందంతో మాట రాలేదనుకున్నాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నేను పాస్టరుగా పుట్టాల్సింది అనుకున్నాను.

మరుసటి వారం గుమ్మంలోనే కోడలు ఎదురైంది. "మామా, పోయిన వారం ఏమి చెప్పిపోతిరి? అత్త సరిగా తినడం లేదు. పాస్టరయ్య వస్తే గోడ వైపు తిరిగి పండుకునింది. నిన్న నన్ను పిలిచి, ఇంకా కొన్నాళ్లు బతికే మందు ఏదైనా ఉండాదా, డాక్టరును అడుగు అనింది. ఇన్ని నెలల్లో ఒక్కనాడు అట్ల అడగలేదు మామా."

లోపలికి వెళ్లాను. అక్క నన్ను చూసి కళ్లు మూసుకుంది. తెచ్చిన కడలైమిఠాయి పొట్లం పక్కన పెట్టాను. వేరుశనగలు నమలలేకపోయినా పాకం చప్పరించేది. ఆ రోజు ముట్టలేదు.

"ఏమక్కా, బయంగా ఉండాదా?"

అక్క చెయ్యి దుప్పటిలోంచి తీసి నా ముందు చాపింది. వేళ్ల చివర్లు, గోళ్ల పక్కన, పాత గీతలు. ఎండిన పత్తికాయ మొనలు ఎంత పదునుగా ఉంటాయో, అవి గీసిన గీతలు ముసలితనంలో కూడా పోవు.

"ఏడేళ్లప్పుడు నడుముకు ఒడి కట్టి చేన్లోకి దించినారు. పెండ్లి అయినాక గూడా, నాన్న వద్దనేదాకా, ప్రతి ఏడూ పత్తికి పుట్టింటికి వస్తిని. వంగిన నడుము వంగినట్లే. ఒక్క పంటకే అంత. పన్నెండు పంటలు ఎవురురా తీసేది? మొగోళ్లు తీస్తారా ఆడ?"

మా ఊళ్లో పత్తి తీసేది ఆడవాళ్లు. మగవాళ్లు గట్టు మీద నిలబడి మూట కడతారు, బండికి ఎత్తుతారు. పత్తి చేను తెల్లగా, మబ్బులాగా కనబడేది గట్టు మీద నుంచే.

అక్క మాట అంతటితో అయిపోలేదు. నా వైపు చూడకుండా మెల్లగా అడిగింది. "నా బిడ్డ గూడా ఇన్నేండ్లు ఆడ పత్తే తీస్తుండాడా?"

ఎనిమిదేళ్ల పిల్లాడు. ఇరవై ఏళ్లుగా ఎక్కడో హాయిగా ఉన్నాడని నమ్మి అక్క నిబ్బరంగా ఉండగలిగింది. వాణ్ణి నేను ఒక్క మధ్యాహ్నంలో ఎండలో, చేన్లో నిలబెట్టేశాను.

"అక్కా, పత్తి నేను కలిపిందే," అన్నాను.

కళ్లు తెరిచింది. "ఏమి?"

"అందులో పత్తి లేదు. చుమ్మా, ఊరికే చెప్పినాను. నీకు సంతోషంగా ఉంటుందని."

"ఇంకా ఏమేమి కలిపితివి?"

ఆమె గొంతు విని, పదేళ్లప్పుడు బెల్లం దొంగిలించి దొరికినట్లే అయింది నాకు. పుస్తకం తీశాను. ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. బావి నాది, నది రాసి ఉంది. నల్లనేల నాది. చెట్టు, కాయలు రాసి ఉన్నాయి. ముక్కుపుడక నాది, రాళ్లు రాసి ఉన్నాయి.

"తలుపులు మూయరంటివే?"

"అది రాసి ఉండాది. ఒట్టు."

"నీ ఒట్టు ఎవురికి కావాల. యాడ ఉండాదో చూపించు."

చూపించాను. అక్క నా వేలు తీసేసి, తన వేలు అక్కడ పెట్టింది. చదవడం రాని ఆ వేలు ఆ వాక్యం మీద మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. తర్వాత, అక్కడ ఏడుపు ఉండదని, కన్నీళ్లు దేవుడే తుడుస్తాడని, చావూ నొప్పీ ఉండవని ఉన్న చోటు చూపించమంది. ఆ మాటలు కూడా నేను కలిపినవేమోనన్న అనుమానం ఆమె కళ్లలో చూసి నాకు సిగ్గేసింది.

"ఇది ఆయన మాటే అక్కా. నేను ఒక అక్షరం గూడా తాకలేదు."

"నొప్పి లేదంటే నడుం నొప్పి గూడా లేనట్లే కదా?"

"నడుం నొప్పి గూడా లేనట్లే."

"అట్లయితే వాడు ఆడుకుంటుంటాడు," అంది. నన్ను అడిగినట్లు లేదు, తనకు తెలిసిందే చెప్పినట్లుంది. వేలు మాత్రం ఆ చోటు నుంచి తియ్యలేదు. కోడలు గంజి తెస్తే ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని తాగింది.

కాసేపటికి నవ్వు మొహంతో నా వైపు తిరిగింది. "ఒరే, ఆ ఎనుము?"

"అదీ నాదే అక్కా."

"దాన్ని మాత్రం ఉండనీ. పాలు పిండేది ఇంకెవురైనా చూసుకుంటారు."

ఆ తర్వాత మరో ఐదు వారాలు ఉంది. నేను వెళ్లిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్లు చదివించింది. ఎక్కడైనా నా గొంతు కొంచెం ఎక్కువ తీయగా మారితే, "ఇది రాసిందేనా?" అని ఆపేది. పాస్టరుగారు వస్తే మళ్లీ ఆయన వైపు తిరిగి పడుకునేది. ఒక ఉదయం, కోడలు తల దువ్వుతుండగా, జడ సగంలో ఉండగానే వెళ్లిపోయింది.

సమాధి దగ్గర నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను గంటసేపు మాట్లాడాను, జనమంతా కళ్లు తుడుచుకున్నారు. లేదు. నేను నోరు తెరిచి, "మా అక్క పత్తి తీసి తీసి అలిసిపోయింది," అన్నాను. అంతటితో సరి. పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

ఆ ఏడు పత్తి పగిలినప్పుడు నేను ఒడి కట్టుకుని చేన్లోకి దిగి సాలంతా తీశాను. మా ఆడవాళ్లు పని ఆపి నవ్వారు. నిజానికి సాలంతా కాదు, అరసాలు. వేళ్లు రెండు చోట్ల చీరుకున్నాయి, నడుము మూడు రోజులు లేవలేదు. గట్టెక్కి వెనక్కి చూస్తే చేను మబ్బులాగా కనబడలేదు.

అరవై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా ఇంటి మాటకు రాత కూడా ఉందని చూడాలనిపించింది. మధ్యలో ఎప్పుడో నేను కూడా చర్చి వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం వెళ్తాను అని రాద్దామనుకున్నాను గాని, పాస్టరుగారికి ఎవరైనా ఇది చదివి వినిపించే అవకాశం ఉంది.

తెలుగు వేదపుస్తకం చేతికి వచ్చిన రోజు, మొదటి నుంచి మొదలుపెట్టలేదు. నేరుగా చివరికి వెళ్లి, కళ్లద్దాలు తుడుచుకుని, కూడబలుక్కుని చదివాను. తమిళంలో నేను సరిగా చదివానో లేదోనన్న బెంగ ఇన్నేళ్లూ ఉంది. అన్నిటికీ ఆలస్యంగా వెళ్లే మనిషిని, ఆ తలుపుల సంగతి నాకు చాలా ముఖ్యం. తెలుగులో కూడా అలాగే ఉంది. తలుపులు మూయరు. అక్కలాగే వేలు పెట్టి చూసుకున్నాను.